వెబ్‌మెయిల్ సర్వర్‌కి కాపలా: ఎస్‌ఎన్‌ఎమ్‌పీ చాలా, ఏజెంట్ కావాలా?

మెయిల్ సర్వర్ పడిపోయిన సంగతి వాడేవాళ్ళు ఫోన్ చేసి చెబితే తప్ప తెలియని పరిస్థితిలో ఏ అడ్మినూ ఉండకూడదు. వెబ్‌మెయిల్ విషయంలో ఇది మరీ ముఖ్యం. జీతాల మెయిల్ దాని మీదే వస్తుంది, టెండర్ మెయిల్ దాని మీదే పోతుంది, పిల్లల హాల్‌టికెట్ల సమాచారమూ దాని మీదే వెళుతుంది. అందుకే సొంత సర్వర్ నడిపేవాళ్ళందరూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు: దాని ఆరోగ్యాన్ని ఎస్‌ఎన్‌ఎమ్‌పీతో (పరికరాల స్థితిని నెట్‌వర్క్ మీదుగా అడిగి తెలుసుకునే ప్రమాణ పద్ధతి) చూసుకోవాలా, జాబిక్స్ లాంటి మానిటరింగ్ టూళ్ళ ఏజెంట్ (సర్వర్ లోపలే ఉండి అంకెలు పంపే చిన్న ప్రోగ్రామ్) ఎక్కించాలా, ప్రొమిథియస్‌కి (అంకెల్ని తరచూ చదివి దాచే ఇంకో టూల్) వెళ్ళాలా, లేక బయటినుంచి లాగిన్ అయి చూసే పరీక్ష ఒక్కటి సరిపోతుందా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. ర్యాక్‌లో స్విచ్‌లు, ఫైర్‌వాల్, యూపీఎస్ కూడా మీరే చూసుకునేవైతే ఎస్‌ఎన్‌ఎమ్‌పీ తీసుకోండి. క్లౌడ్‌లో లినక్స్ వీపీఎస్ (అద్దెకి తీసుకున్న వర్చువల్ సర్వర్) ఒక్కటే ఉంటే ఏజెంట్ తీసుకోండి. ఏది తీసుకున్నా బయటినుంచి నిజంగా లాగిన్ అయి చూసే పరీక్ష మాత్రం తప్పదు. అది లేని కాపలా సగం కాపలానే.

ఉదాహరణకి మనలో చాలామంది దగ్గరుండే సెటప్పే తీసుకుంటాను: లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపేది, అందుకునేది), డవ్‌కాట్ (మెయిల్‌బాక్స్ తెరిచి ఇచ్చేది), వాటి ముందు రౌండ్‌క్యూబ్ (బ్రౌజర్‌లో కనబడే వెబ్‌మెయిల్), దాన్ని నడపడానికి ఎంజినెక్స్ (వెబ్ సర్వర్), పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్ (పీహెచ్‌పీ కోడ్ నడిపేది), మరియాడీబీ (డేటాబేస్). మెయిల్స్ మెయిల్‌డిర్ పద్ధతిలో, ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలుగా డిస్క్ మీద ఉంటాయి.

టూల్ కన్నా ముందు, ఏం చూడాలో తేల్చుకోండి

చాలామంది టూల్‌తో మొదలుపెడతారు. సీపీయూ, ర్యామ్, నెట్‌వర్క్ గ్రాఫులు అందంగా వస్తాయి, పని అయిపోయిందనుకుంటారు. కానీ వెబ్‌మెయిల్ సీపీయూ నిండిపోయి ఆగడం చాలా అరుదు. ఆగేది వేరే చోట్ల.

మొదటిది ఐనోడ్లు, అంటే డిస్క్ మీద ఒక్కో ఫైలుకి ఒకటి చొప్పున కావలసిన నమోదులు. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ తయారుచేసేటప్పుడు మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున లెక్కవేసి పెడుతుంది, తర్వాత పెంచుకునే వీలుండదు. మెయిల్‌డిర్‌లో నాలుగైదు కేబీల చిన్న మెయిల్స్ లక్షల్లో పేరుకుంటే డిస్క్‌లో సగం జాగా ఖాళీగా ఉండగానే ఐనోడ్లు అయిపోతాయి. అప్పుడు కొత్త మెయిల్ ఏదొచ్చినా లాగ్‌లో 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని పడుతుంది. డిస్క్ గ్రాఫ్ చూస్తే ఆకుపచ్చగానే ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఐనోడ్లని అవసరాన్ని బట్టి కేటాయిస్తుంది కాబట్టి అక్కడ ఈ బాధ చాలా తక్కువ. మీది ఈఎక్స్‌టీ4 అయితే ఈ ఒక్క అంకె కోసమైనా మానిటరింగ్ పెట్టాల్సిందే.

రెండోది క్యూ, అంటే వెళ్ళడానికి ఎదురుచూసే మెయిల్స్ వరుస. పోస్ట్‌ఫిక్స్‌లో డిఫర్డ్ క్యూలో (ఒకసారి వెళ్ళక మళ్ళీ ప్రయత్నించాల్సినవి) కొన్ని మెయిల్స్ ఎప్పుడూ ఉంటాయి. తప్పు అడ్రసులవి, అవతలి సర్వర్ పలకనివి. డిఫాల్ట్‌గా 5 రోజులు ప్రయత్నించి తిప్పి పంపేస్తుంది. అందులో భయపడేదేమీ లేదు. కానీ ముప్ఫై నలభై ఉండే చోట పది నిమిషాల్లో వేలకి చేరిందంటే రెండే కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి: ఎవరిదో పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కి వాళ్ళ అకౌంట్ నుంచి స్పామ్ పోతోంది, లేదా మన ఐపీ బ్లాక్‌లిస్టులో పడి పెద్ద ప్రొవైడర్లు మన మెయిల్ తీసుకోవట్లేదు. రెండింట్లో ఏదైనా గంటలోపు పట్టుకుంటే చిన్న పని. మర్నాడు పట్టుకుంటే ఐపీ పరువు తిరిగి తెచ్చుకోవడానికి వారాలు పట్టొచ్చు.

మూడోది పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్ వర్కర్లు, అంటే ఒక్కోటి ఒక్కో పేజీ అభ్యర్థనని చూసుకునే ప్రాసెస్‌లు. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. డిఫాల్ట్ పూల్‌లో గరిష్ఠంగా 5 వర్కర్లే ఉంటాయి. రౌండ్‌క్యూబ్‌లో ఎవరైనా పెద్ద ఫోల్డర్ తెరిస్తే ఆ వర్కర్ డవ్‌కాట్ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పొద్దున పదింటికి అందరూ ఒకేసారి లాగిన్ అయితే ఐదూ అలా ఎదురుచూపుల్లోనే ఉంటాయి, ఆరో మనిషికి పేజీ తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు సీపీయూ చూడండి, పదిహేను శాతం కూడా ఉండదు. 'సర్వర్ ఖాళీగానే ఉందే, మరి ఎందుకు స్లో?' అనే ప్రశ్న ఇక్కడే పుడుతుంది. జవాబు ఎఫ్‌పీఎమ్ స్టేటస్ పేజీలో, 'లిజన్ క్యూ', 'మ్యాక్స్ చిల్డ్రన్ రీచ్‌డ్' అనే రెండు అంకెల్లో ఉంటుంది.

ఇక ఎవరు ఏ అంకెని ఎంత తేలిగ్గా ఇస్తారో చూద్దాం.

ఎస్‌ఎన్‌ఎమ్‌పీ ఇచ్చేది, ఇవ్వనిది

ఎస్‌ఎన్‌ఎమ్‌పీ మొదటి వెర్షన్ 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1157గా (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) ప్రమాణంగా స్థిరపడింది. నెట్‌వర్క్ పరికరాల కోసం పుట్టింది కాబట్టి స్విచ్, రౌటర్, ప్రింటర్, యూపీఎస్ అన్నీ ఈ భాష మాట్లాడతాయి. మెయిల్ రావట్లేదన్నప్పుడు తప్పు సర్వర్‌దో, స్విచ్ పోర్ట్‌దో, యూపీఎస్ బ్యాటరీదో ఒకే తెర మీద కనబడుతుంది. దీని అసలు బలం ఇదే. ర్యాక్ మొత్తం చూసుకునేవాళ్ళకి ఈ సౌకర్యాన్ని వేరే ఏదీ ఇంత తక్కువ శ్రమతో ఇవ్వదు.

లినక్స్ సర్వర్‌లో నెట్-ఎస్‌ఎన్‌ఎమ్‌పీ ప్యాకేజీలోని ఎస్‌ఎన్‌ఎమ్‌పీడీ అనే ప్రోగ్రామ్ ఈ పని చేస్తుంది, యూడీపీ 161 మీద వింటుంది. డెబియన్, ఉబుంటుల్లో ఇన్‌స్టాల్ చేయగానే అది 127.0.0.1 మీద మాత్రమే వింటుంది. అడ్రస్ మార్చాక కూడా సర్వర్ పేరు, అప్‌టైమ్ లాంటి కొన్ని వివరాలే వస్తాయి. 'ఎస్‌ఎన్‌ఎమ్‌పీ పనిచేయట్లేదు, డిస్క్ కనబడట్లేదు' అనుకుని వదిలేసేవాళ్ళు చాలామంది ఇక్కడే వదిలేస్తారు. కాన్ఫిగ్‌లో 'సిస్టమ్‌ఓన్లీ' అనే వ్యూ (ఏయే వివరాలు బయటికి చూపాలో చెప్పే జాబితా) ఉంటుంది, దానికి కావలసిన కొమ్మలు మీరే కలపాలి. ఒక్కో వివరానికి ఓఐడీ అనే అంకెల చిరునామా ఉంటుంది, కొమ్మ అంటే అలాంటి చిరునామాల గుంపు. కలపాల్సినవి ముఖ్యంగా మూడు: హోస్ట్ రిసోర్సెస్ కోసం 1.3.6.1.2.1.25, లోడ్, మెమరీ, డిస్క్‌ల కోసం 1.3.6.1.4.1.2021, సొంత స్క్రిప్టుల కోసం 1.3.6.1.4.1.8072.

ఐనోడ్ల శాతం 2021 కొమ్మ కింద, 1.3.6.1.4.1.2021.9.1.10లో దొరుకుతుంది. హోస్ట్ రిసోర్సెస్‌లో దొరకదు, అక్కడ జాగా లెక్క మాత్రమే ఉంది. అందుకే రెడీమేడ్ టెంప్లేట్ వాడి డిస్క్ గ్రాఫ్ వచ్చింది కదా అని సంతోషపడకండి, ఏ కొమ్మ నుంచి వచ్చిందో చూడండి. ఆ పట్టిక నిండాలంటే కాన్ఫిగ్‌లో డిస్కుల పేర్లు రాయాలి, లేదా అన్ని డిస్కులూ చేర్చమని ఒక లైను పెట్టాలి.

అప్‌టైమ్‌లో ఇంకో చిక్కుంది. అందరూ చదివే సిస్‌అప్‌టైమ్ ఎస్‌ఎన్‌ఎమ్‌పీడీ మొదలైనప్పటి నుంచి లెక్క, సర్వర్ బూట్ అయినప్పటి నుంచి కాదు. కాన్ఫిగ్ మార్చి డీమన్ రీస్టార్ట్ చేస్తే 'సర్వర్ రీబూట్ అయింది' అని అర్ధరాత్రి తప్పుడు అలర్ట్ వస్తుంది. అసలు బూట్ సమయం కావాలంటే హోస్ట్ రిసోర్సెస్‌లోని సిస్టమ్ అప్‌టైమ్ చదవాలి. నెట్‌వర్క్ కౌంటర్లు కూడా 64 బిట్‌వే తీసుకోండి. పాత 32 బిట్ కౌంటర్ పూర్తి వేగంతో నడిచే గిగాబిట్ లింకు మీద దాదాపు 34 సెకన్లకే తిరిగి సున్నాకి వస్తుంది, ఐదు నిమిషాలకోసారి చదివే టూల్‌కి ఆ గ్రాఫ్ అర్థంలేనిదే.

ఇక మెయిల్ సంగతి. మెయిల్ సర్వర్ల కోసమే ఒక మిబ్ (ఏ అంకెలు చదవొచ్చో నిర్వచించే పట్టిక) ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 2789, 2000లో వచ్చింది. క్యూలో ఎన్ని ఉన్నాయి, ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అన్నీ అందులో నిర్వచించారు. కానీ పోస్ట్‌ఫిక్స్ దాన్ని అమలు చేయలేదు. కాబట్టి క్యూ అంకె కావాలంటే ఎస్‌ఎన్‌ఎమ్‌పీడీలోని 'ఎక్స్‌టెండ్' వాడి మీ స్క్రిప్ట్ మీరే తగిలించుకోవాలి. జింబ్రా (మెయిల్ సర్వర్, వెబ్‌మెయిల్ కలిసి వచ్చే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళకి దాని సొంత ఎస్‌ఎన్‌ఎమ్‌పీ ప్యాకేజీ ఉంది, సర్వీసు ఆగితే ట్రాప్ (తనంతట తనే పంపే హెచ్చరిక) పంపుతుంది.

ఎక్స్‌టెండ్ దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. క్యూ లెక్కపెట్టే కమాండ్‌ని నేరుగా దానికి తగిలించకండి. ఎస్‌ఎన్‌ఎమ్‌పీడీ ఒక సమయంలో ఒక పనే చేస్తుంది. క్యూలో యాభై వేల మెయిల్స్ ఉన్న రోజు ఆ కమాండ్ నిదానంగా నడుస్తుంది, అంతసేపూ ఎస్‌ఎన్‌ఎమ్‌పీడీ దేనికీ పలకదు, మీ టూల్‌లో సర్వర్ మొత్తం డౌన్ అని పడుతుంది. సరిగ్గా అంకె కావలసిన రోజే అంకె అందదు. పైగా అది రూట్ కాని యూజర్‌గా నడుస్తుంది కాబట్టి పోస్ట్‌ఫిక్స్ స్పూల్ ఫోల్డర్లని చూడలేదు. దానికి బదులు క్రాన్‌లో (నిర్ణీత సమయాలకి కమాండ్లు నడిపేది) నిమిషానికోసారి రూట్‌గా లెక్కపెట్టి ఒక ఫైలులో రాయించండి, ఎక్స్‌టెండ్ ఆ ఫైలు చదివి ఇస్తే చాలు. ఫైలు ఎప్పుడు రాసిందో కూడా రెండో అంకెగా పంపండి. క్రాన్ ఆగిపోతే ఫైలులో పాత 37 అలాగే ఉండిపోతుంది, గ్రాఫ్ చదునుగా, ప్రశాంతంగా ఉంటుంది, క్యూ మాత్రం పెరుగుతూ పోతుంది.

ట్రాప్‌ల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. యూడీపీ 162 మీద వెళ్ళే ట్రాప్ దారిలో పోయినా పంపినవాడికి తెలియదు, పడిపోయిన సర్వర్ అసలు పంపనే పంపదు. ఇన్ఫార్మ్ అయితే అందిందని జవాబు అడుగుతుంది, అది కొంత నయం. ఏమైనా ప్రధానంగా పోలింగ్ (మనమే క్రమంగా అడిగి చదవడం) మీదే ఆధారపడాలి.

వీ2సీనా, వీ3నా?

ఎస్‌ఎన్‌ఎమ్‌పీ రెండో వెర్షన్ అయిన వీ2సీలో కమ్యూనిటీ స్ట్రింగ్ (పాస్‌వర్డ్‌లా వాడే మాట) ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా వెళుతుంది. మానిటరింగ్ సర్వర్, మెయిల్ సర్వర్ రెండూ ఒకే మేనేజ్‌మెంట్ వీల్యాన్‌లో (వేరుగా ఉంచిన నెట్‌వర్క్ భాగం) ఉండి, ఫైర్‌వాల్‌లో 161 ఒక్క ఐపీకే తెరిచి ఉంటే వీ2సీతో నడిపించొచ్చు. ఇంటర్నెట్ మీదుగా చదవాలంటే వీ2సీ ఆలోచనే వద్దు. కారణాలు రెండు. ప్రాసెస్ పట్టికలో ప్రాసెస్‌ల పేర్లతోపాటు వాటికి ఇచ్చిన ఆర్గ్యుమెంట్లు కూడా కనబడతాయి, ఎవరైనా బ్యాకప్ స్క్రిప్ట్‌కి పాస్‌వర్డ్‌ని కమాండ్ లైన్‌లో ఇస్తుంటే అదీ కనబడుతుంది. రెండోది, 'పబ్లిక్' స్ట్రింగ్‌తో తెరిచి వదిలేసిన 161 పోర్టుని ఇతరుల మీద దాడికి వాడుకుంటారు. చిన్న అభ్యర్థన పంపి పెద్ద జవాబు బాధితుడి మీదికి మళ్ళిస్తారు. 2014లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ యూఎస్-సెర్ట్ ఇచ్చిన హెచ్చరికలో ఎస్‌ఎన్‌ఎమ్‌పీ వీ2కి ఈ పెరుగుదల 6.3 రెట్లు అని ఉంది.

వీ3లో ఆథ్‌ప్రివ్ స్థాయి (గుర్తింపు, ఎన్‌క్రిప్షన్ రెండూ ఉండేది), దానికి షా, ఏఈఎస్ పెట్టుకోండి. పాతబడిన ఎండీ5, డీఈఎస్ జోలికి పోకండి. వర్చువల్ మెషీన్ క్లోన్ చేసి కొత్త సర్వర్ తయారుచేసేవాళ్ళకి ఇక్కడొక ఇబ్బంది ఎదురవుతుంది. క్లోన్‌తోపాటు పాత ఇంజిన్ ఐడీ (వీ3లో ఒక్కో మెషీన్‌కి ఉండే ప్రత్యేక గుర్తు) కూడా వచ్చేస్తుంది. రెండు మెషీన్లకి ఒకే ఐడీ ఉంటే, వాటి గడియారపు లెక్కలు 150 సెకన్ల కన్నా ఎక్కువ తేడా ఉన్నందుకు మానిటరింగ్ టూల్ ఒకసారి చదువుతుంది, ఇంకోసారి 'నాట్ ఇన్ టైమ్ విండో' అంటుంది. పాస్‌వర్డ్ తప్పేమో అని రోజంతా వెతుకుతారు. క్లోన్‌లో ఎస్‌ఎన్‌ఎమ్‌పీడీ ఆపి, అది దాచుకున్న ఫైలు తీసేసి, యూజర్‌ని మళ్ళీ సృష్టిస్తే సరిపోతుంది.

ఏజెంట్ ఎక్కడ గెలుస్తుంది?

జాబిక్స్ ఏజెంట్ ఐనోడ్లు, ప్రాసెస్‌లు, డిస్క్ వెయిటింగ్ అన్నీ అడగ్గానే ఇస్తుంది, ఓఐడీలు వెతుక్కోనక్కరలేదు. యాక్టివ్ పద్ధతిలో అదే జాబిక్స్ సర్వర్‌కి 10051 పోర్ట్ మీద ఫోన్ చేసినట్టు కలుస్తుంది కాబట్టి మెయిల్ సర్వర్ వైపు కొత్త పోర్ట్ ఏదీ తెరవనక్కరలేదు. వీపీఎస్ వాళ్ళకి ఇదే పెద్ద లాభం. టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ కూడా 3.0 వెర్షన్ నుంచీ ఉంది.

నన్ను ఏజెంట్ వైపు లాగేది ముఖ్యంగా లాగ్ చదవడం. డవ్‌కాట్‌లో తప్పు పాస్‌వర్డ్ ప్రయత్నాలు, ఎఫ్‌పీఎమ్‌లో 'మ్యాక్స్ చిల్డ్రన్' హెచ్చరిక, పోస్ట్‌ఫిక్స్‌లో పెద్ద ప్రొవైడర్ తిరస్కరించిన లైను, వీటన్నిటినీ ఏజెంట్ ఆ లైనుతో సహా చూపిస్తుంది. ఎస్‌ఎన్‌ఎమ్‌పీడీలో లాగ్‌మ్యాచ్ ఉంది కానీ అది ఎన్నిసార్లు కనబడిందో లెక్క చెబుతుంది, ఆ లైనులో ఏముందో చెప్పదు. రాత్రి రెండింటికి లేచినవాడికి కావలసింది ఆ లైనే. అయితే మానిటరింగ్‌లో లాగ్ కనబడుతోంది కదా అని అసలు లాగులు తుడిచేయకండి. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు భద్రపరచాలి.

ప్రొమిథియస్ సంగతి వేరు. నోడ్ ఎక్స్‌పోర్టర్ (సర్వర్ అంకెల్ని ప్రొమిథియస్‌కి అందించే ప్రోగ్రామ్) 9100 పోర్ట్ మీద అంకెలన్నీ ఇస్తుంది, టెక్స్ట్ ఫైల్ కలెక్టర్‌తో పైన చెప్పిన క్యూ అంకె రెండు లైన్లలో చేరిపోతుంది. పదిహేను సెకన్లకోసారి చదివించొచ్చు కాబట్టి ఎఫ్‌పీఎమ్ వర్కర్లు నిండే క్షణం స్పష్టంగా పట్టుబడుతుంది. ఐదు నిమిషాల పోలింగ్‌లో అది కొట్టుకుపోతుంది. కానీ డేటాని డిఫాల్ట్‌గా 15 రోజులే దాచుకుంటుంది. నిరుడు అడ్మిషన్ల సమయంలో క్యూ ఎంత పెరిగిందో ఈ ఏడాదితో పోల్చాలంటే ఆ గడువు మీరే పెంచుకోవాలి. కాక్టై, లిబ్రెఎన్‌ఎమ్‌ఎస్ లాంటి ఎస్‌ఎన్‌ఎమ్‌పీ టూళ్ళు ఆర్‌ఆర్‌డీ ఫైళ్ళలో సగటులుగా ఏడాది పొడవునా ఉంచుతాయి. కొత్తగా మొదలుపెట్టే, ఒకరో ఇద్దరో ఉన్న టీముకి ప్రొమిథియస్ నేను చెప్పను. దాన్ని నడపడమే ఇంకో పని అవుతుంది. ఇప్పటికే ప్రొమిథియస్ మీద గ్రఫానా (గ్రాఫులు చూపే టూల్) బోర్డులు పెట్టుకుని ఉంటే మాత్రం ఇక్కడికి వేరేది తేవడం అనవసరం.

ఎస్‌ఎన్‌ఎమ్‌పీ దారిలోనే వెళ్ళేవాళ్ళకి నా ఎంపిక లిబ్రెఎన్‌ఎమ్‌ఎస్. స్విచ్‌లని తనే గుర్తుపడుతుంది, పోస్ట్‌ఫిక్స్ క్యూ కోసం ఎక్స్‌టెండ్ స్క్రిప్ట్ సిద్ధంగా ఉంది. డిఫాల్ట్ ఐదు నిమిషాల పోలింగ్ మెయిల్ క్యూకి, ఐనోడ్లకి బాగానే సరిపోతుంది.

బయటినుంచి చూసే పరీక్ష

డవ్‌కాట్ ఆగిపోయినా రౌండ్‌క్యూబ్ లాగిన్ పేజీ చక్కగా తెరుచుకుంటుంది, 200 కోడే ఇస్తుంది. పేరు, పాస్‌వర్డ్ కొట్టాకే 'కనెక్షన్ టు స్టోరేజ్ సర్వర్ ఫెయిల్డ్' అంటుంది. అందుకే 443 పోర్ట్ తెరిచి ఉందా, పేజీ వస్తోందా అనే పరీక్ష వెబ్‌మెయిల్‌కి చాలదు. జాబిక్స్ వెబ్ సినారియోలో మొదటి అడుగులో పేజీ తెరిచి అందులో దాగిన టోకెన్ తీసుకుని, రెండో అడుగులో దాంతో లాగిన్ అయి, ఇన్‌బాక్స్ పేజీలో ఉండాల్సిన మాట ఉందో లేదో చూడాలి. టోకెన్ తీసుకోకపోతే రౌండ్‌క్యూబ్ లాగిన్ ఒప్పుకోదు.

దీనికి వేరే అకౌంట్ ఒకటి పెట్టండి. ఏ అధికారమూ లేనిది, నాలుగు మెయిల్స్ మించి లేనిది, పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడనిది. ఫెయిల్‌టుబ్యాన్ (తప్పు లాగిన్లు చేసే ఐపీలని ఆపేసేది) వాడుతుంటే పరీక్ష చేసే ఐపీని మినహాయించండి. సర్టిఫికెట్ గడువు కూడా ఈ పరీక్షలోనే చూసుకోండి. ఉచిత సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ గడువు హెచ్చరిక మెయిల్స్ పంపడం 2025 జూన్‌లో ఆపేసింది, ఇప్పుడు ఆ బాధ్యత పూర్తిగా మనదే. 14 రోజుల ముందు అలర్ట్ వచ్చేలా పెడితే తీరిగ్గా చూసుకోవచ్చు.

కంట్రోల్ ప్యానెల్ ఇచ్చి సర్వర్ లోపలికి రానివ్వని షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నవాళ్ళకి ఎస్‌ఎన్‌ఎమ్‌పీ, ఏజెంట్ రెండూ కుదరవు. మీకున్నది ఈ పరీక్ష ఒక్కటే, దాన్నే శ్రద్ధగా చేసుకోండి.

అలర్ట్ ఎటు పోవాలి?

మెయిల్ సర్వర్ అలర్ట్ అదే మెయిల్ సర్వర్ గుండా రాకూడదు. ఇది చెప్పక్కరలేని మాటలా ఉంటుంది కానీ సెటప్పులు చూస్తే ఇదే ఎక్కువగా కనబడుతుంది. ఎస్‌ఎమ్‌ఎస్ పెట్టాలంటే మన దేశంలో డీఎల్‌టీ (సంస్థలు పంపే ఎస్‌ఎమ్‌ఎస్‌ల నమోదు వ్యవస్థ) కింద హెడర్, టెంప్లేట్ రెండూ నమోదు చేయించాలి, చిన్న ఆఫీసుకి అది కాస్త ఎక్కువ పని. టెలిగ్రామ్ బాట్ పావుగంటలో అవుతుంది. మానిటరింగ్ సర్వర్ కూడా మెయిల్ సర్వర్ ఉన్న మెషీన్ మీదా, అదే యూపీఎస్ మీదా ఉండకూడదు.

హద్దులు ఎంత పెట్టాలని అడిగితే, డిస్క్‌కీ ఐనోడ్లకీ 80 శాతం దగ్గర హెచ్చరిక, 90 దగ్గర అలారం పెట్టుకోండి. క్యూకి మాత్రం ఎవరి అంకెనీ అరువు తెచ్చుకోకండి. రెండు వారాలు మీ సర్వర్ గ్రాఫ్ చూసి, మామూలు రోజుల్లో ఎంత ఉంటుందో తెలిశాక దానికి ఐదారు రెట్లు దాటితే మోగేలా పెట్టండి.

అన్నీ పెట్టాక, ఎవరూ పెద్దగా వాడని ఒక ఆదివారం మధ్యాహ్నం, ముందే అందరికీ చెప్పి, డవ్‌కాట్‌ని కావాలనే ఆపండి. ఎస్‌ఎన్‌ఎమ్‌పీ గ్రాఫులు ఏం చూపించాయి, లాగిన్ పరీక్ష ఎన్ని నిమిషాలకి పట్టుకుంది, ఫోన్ మోగిందా లేదా రాసుకోండి. తర్వాత క్రాన్ ఆపి ఇదే చేయండి. మోగనివి ఏవో అప్పుడే బయటపడతాయి, వాటిని ఆ మధ్యాహ్నమే సరిచేసుకోవచ్చు.